క్వెరీని పేరు పెట్టి పిలవాలి

సభ్యులకు, కార్యదర్శులకు మనవి. పాల బిల్లులను కంప్యూటరులో ఎక్సెల్ ద్వారా తయారుచేసే సంఘాలు తెలుసుకోవలసిన ఒక చిన్న విషయాన్ని ఈ పాఠంలో వివరిస్తున్నాము.

పాల పరీక్ష యంత్రం నుండి వచ్చే ఫైలును చదివి పట్టికలో నింపే ఏర్పాటును క్వెరీ అంటారు. ఒక్క మీట నొక్కితే వరుసగా పనులు చేసే ఆదేశాల కట్టను మాక్రో అంటారు. క్వెరీని తాజా చేయుమని మాక్రోయే చెబుతుంది. అయితే ఏ క్వెరీని? చిక్కంతా ఇక్కడే ఉన్నది.

మేము తనిఖీ చేసిన ఒక సంఘంలో మాక్రో "ఒకటవ కనెక్షన్‌ను తాజా చేయుము" అని వ్రాసి ఉన్నది. కొంతకాలం బాగానే నడిచింది. తరువాత దాణా బాకీల కోసం మరొక క్వెరీ చేర్చారు. దానితో వరుస మారి, ఒకటవ స్థానంలోకి దాణా వచ్చింది. మాక్రో ఏ తప్పూ చూపకుండా దాణాను తాజా చేసి ఊరుకున్నది. పాల పట్టికలో మాత్రం గత పక్షం అంకెలే మిగిలాయి.

ఒక సభ్యుడు తన చీటీలు తెచ్చి చూపినందున సంగతి బయటపడింది. రెండు పక్షాలలోనూ ఆయన పోసినది 60 కిలోలే. చీటీల ప్రకారం వెన్న 7 శాతం, అనగా 4.2 కిలోలు. బిల్లులో పాత 6.5 శాతం, అనగా 3.9 కిలోలు. కిలో వెన్న ధర 800 రూపాయలైతే తేడా 240 రూపాయలు. ఒక గేదె యజమానికి ఇది చిన్న మొత్తం కాదు.

కాబట్టి మాక్రోలో వరుస సంఖ్యకు బదులు పేరు వ్రాయాలి. పేరు దొరకకపోతే మాక్రో అక్కడే ఆగి తప్పు చూపుతుంది. తప్పుడు బిల్లు పంచడం కన్న ఆగిపోవడమే మేలు.

గమనించవలసిన అంశాలు:

1. ఒకే క్వెరీకి మూడు చోట్ల మూడు పేర్లు ఉండవచ్చును. క్వెరీ పేరు "మిల్క్‌డేటా" అయితే, సాధారణంగా కనెక్షన్ పేరు "క్వెరీ - మిల్క్‌డేటా" అవుతుంది. అడ్డగీతకు ఇరుప్రక్కల ఒక్కొక్క ఖాళీ ఉండాలి. షీటులోని పట్టికకు వేరే పేరు ఉండవచ్చును. కనెక్షన్స్ అన్న మాట తరువాత బ్రాకెట్లలో, కొటేషన్ గుర్తుల మధ్య కనెక్షన్ పేరునే వ్రాయాలి.

2. పట్టిక పేరులో ఖాళీలు కుదరవు. అందువల్ల క్వెరీ పేరును మొదటినుండే ఖాళీ లేకుండా పెట్టుకొనుట మంచిది.

3. పేరును ఇంగ్లీషు అక్షరాలలోనే పెట్టండి. మాక్రో వ్రాసే కిటికీలో తెలుగు అక్షరాలు ప్రశ్నార్థకాలుగా మారిపోతాయి.

4. "బ్యాక్‌గ్రౌండ్ క్వెరీ" అనే అమరికను తీసివేయండి. అది ఉంటే కొత్త అంకెలు రాకముందే మాక్రో ముందుకు సాగి, పాత అంకెలతో బిల్లు కట్టగలదు.

5. క్వెరీ పేరు మార్చినవారు మాక్రోలో కూడా మార్చి, మార్పును తేదీతో రిజిస్టరులో వ్రాసి సంతకం చేయాలి.

సభ్యులు చేయవలసినది ఒక్కటే. పూటపూటా ఇచ్చే చీటీలను పారవేయక, బిల్లు అందినప్పుడు పోల్చి చూచుకోండి. తేడా కనిపిస్తే మొహమాటపడక కార్యదర్శిని అడగండి. కంప్యూటరు కట్టినదైనా లెక్క మనదే. సరిచూచుకొనే బాధ్యతా మనదే.