సైన్యం వదిలిన జీపు: కాగితం ఉంటే బండి, లేకుంటే ఇనుము

సోమాజిగూడ: పంజాగుట్ట వైపు పోయే రోడ్డు మీద కొత్త వాహనాల దుకాణాలు అద్దాల వెనుక మెరుస్తుంటాయి. అక్కడ బండి ధర ముందే రాసి ఉంటుంది. బేగంపేట దాటి సికింద్రాబాద్ చేరితే 1806 నుంచీ దండు ఊరే. సైన్యం వాడి పక్కన పెట్టిన జీపులు, జిప్సీలు వేలం పాటలకు వస్తూ ఉంటాయి. వీటికి రాసి పెట్టిన ధర లేదు. ఒకే లాటుకు రెండు ధరలుంటాయి. రోడ్డెక్కే బండిగా ఒకటి, కాటాకెక్కే ఇనుముగా మరొకటి. ఈ రెండింటి నడుమ తేడా తెలియక చేతులు కాల్చుకునేవారిలో కొత్త దళారీలే ఎక్కువ. వారి కోసం ఈ పాఠం.

ఏ సరుకు వస్తుంది?

సైనిక జీపులలో మూడు రకాలు ముఖ్యం. మొదటిది మహీంద్రా జీపు. 1947లో బొంబాయిలో విల్లీస్ జీపుల బిగింపుతో మొదలైన వంశం ఇది. ఎం.ఎం. 540, 550 రకాలు దీని తర్వాతి తరం. రెండవది జోంగా. నిస్సాన్ పాట్రోల్ నమూనాపై జబల్పూర్ వాహన కర్మాగారంలో 1969 నుంచి 1999 వరకు తయారయింది. ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజన్, సామర్థ్యం 3,956 సి.సి. చింత చచ్చినా పులుపు చావదన్నట్లు ముసలి జోంగాకు కూడా లాగే బలం తగ్గదు గాని, పెట్రోలు తాగడం కూడా తగ్గదు. మూడవది మారుతి జిప్సీ. 1985లో బజారుకు వచ్చింది, 1990 దశకం నుంచి సైన్యంలో విరివిగా చేరింది. సాధారణ ప్రజలకు అమ్మకం 2019లో ఆగింది. కొత్తది దొరకదు కనుక పాతదానికి గిరాకీ నిలిచింది.

విడిభాగాల విషయంలో జిప్సీకి, మహీంద్రా జీపుకు పెద్ద ఇబ్బంది లేదు. రాణిగంజ్, పుత్లిబౌలి దుకాణాలు వెతికితే చాలావరకు పని జరుగుతుంది. జోంగాకు అలా కాదు. తయారీ ఆగి పాతికేళ్లు దాటింది. ఒక బండిని నిలబెట్టడానికి మరొక బండిని విప్పవలసి రావచ్చు. కనుక జోంగా పాడేవారు భాగాలు ఎక్కడ దొరుకుతాయో ముందు చూసుకొని, తర్వాతనే పాటకు దిగాలి.

పాట పద్ధతి

లోగడ డిపో ఆవరణలో గుమిగూడి పాడేవారు. ఇప్పుడు ప్రభుత్వ రంగంలోని ఎం.ఎస్.టి.సి. సంస్థ ద్వారా కంప్యూటర్ మీద పాట జరుగుతుంది. 1964లో పుట్టిన ఈ సంస్థ కేంద్ర కార్యాలయం కోల్‌కతాలో ఉంది. పాటకు ముందు పేరు నమోదు, ధరావతు, సరుకు చూసుకునేందుకు కేటాయించిన రోజులు ఉంటాయి. షరతు ఒక్కటే: సరుకు ఎక్కడ ఉన్నది అక్కడే, ఎట్లా ఉన్నది అట్లాగే. పాట ముగిశాక ఇంజనులో పిస్టన్ లేదని మొర పెట్టుకున్నా వినేవారుండరు. హెచ్చు పాట పాడినంత మాత్రాన సరుకు మీది కాదు, అమ్మేవారి ఆమోదం రావాలి. ఆమోదం వచ్చాక గడువులోగా సొమ్ము కట్టి సరుకు ఎత్తాలి. ఆలస్యమైతే స్థలం అద్దె పడుతుంది.

పన్ను సంగతి మరువరాదు. ప్రభుత్వ శాఖ నుంచి పాత వాహనం, తుక్కు కొనే వ్యాపారి జి.ఎస్.టి.లో నమోదై ఉంటే, ఆ పన్ను తిరుగు పద్ధతిలో కొనుగోలుదారే కట్టాలి. 2017 అక్టోబర్ నుంచి అమలులో ఉన్న ఏర్పాటు ఇది. పాట పాడేటప్పుడే ఈ మొత్తం లెక్కలో ఉండాలి.

అసలు ధర కాగితానిది

సైనిక వాహనానికి రవాణా శాఖ నంబరు ఉండదు. పైకి చూపే బాణం గుర్తుతో సైన్యం సొంత నంబరు ఉంటుంది. 1988 మోటారు వాహనాల చట్టం 60వ సెక్షను దీనికి ఆధారం. బండి కేంద్ర ప్రభుత్వ చేతి నుంచి దాటగానే 39, 40 సెక్షన్లు వర్తిస్తాయి. అంటే మామూలు బండివలె రిజిస్టరు కావాలి. సోమాజిగూడ వ్యాపారికి దగ్గరి రవాణా కార్యాలయం ఖైరతాబాదులో ఉంది. అక్కడ దరఖాస్తు ఫారం 20లో పెట్టాలి. దానికి జతగా 1989 కేంద్ర నియమాలలోని 47వ నియమం ప్రకారం ఫారం 21లో అసలు అమ్మకపు పత్రం కావాలి. సైనిక వేలం బండికి ఆ పత్రం ఇచ్చేది రక్షణ శాఖ అధికారి.

అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. లాటు వివరంలో "వాహనం" అని ఉన్నదా, "తుక్కు" అని ఉన్నదా చదవాలి. తుక్కుగా అమ్మిన దానికి ఫారం 21 రాదు. ఎంత బాగు చేసినా రోడ్డెక్కదు. 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషను 2023 ఏప్రిల్ 1 నుంచి కొనసాగించడం లేదు. కవచ వాహనాలు, ప్రత్యేక సైనిక వాహనాలు దీనికి మినహాయింపు. ప్రభుత్వ పాత వాహనాల లాటులు కొన్ని గుర్తింపు పొందిన తుక్కు కేంద్రాలకు మాత్రమే అమ్ముతారు. అక్కడికి పోయిన బండి తిరిగి బండిగా రాదు.

పత్రం చేతికి వచ్చాక దానిలోని చాసిస్ నంబరు, ఇంజన్ నంబరు బండి మీద ఉన్న వాటితో అక్షరం అక్షరం సరిచూడాలి. సైనిక వర్క్‌షాపుల్లో ఇంజన్ మార్చడం మామూలే. తేడా ఉంటే ఆవరణ దాటక ముందే సరిదిద్దించుకోవాలి. తర్వాత తిరగడం వృథా శ్రమ.

బండిని చూడడం

ఈ బేరంలో ఒకసారి ప్రభుత్వమే దెబ్బతిన్నది. 1948లో కాశ్మీరు పోరు నడుస్తుండగా లండన్‌లోని మన హైకమిషన్ ద్వారా పాత జీపులకు ఆర్డరు పెట్టారు. 155 జీపులు దిగాయి. అవి వాడకానికి పనికిరావని తేలింది. పార్లమెంటులో ఏళ్ల తరబడి నలిగిన వ్యవహారం అది. డబ్బు ముందు, పరీక్ష తర్వాత అన్న వరుస ఎవరికైనా చేటే.

చూడవలసిన మొదటి చోటు ఇంజన్ కాదు, చాసిస్. స్ప్రింగులు తగిలే చోట, అడ్డు కమ్మీల అతుకుల వద్ద తుప్పు గీకి చూడాలి. ఇంజన్ మార్చవచ్చు, చాసిస్ పోతే నంబరే పోయినట్లు. విశాఖ వంటి సముద్రపు గాలి తగిలే చోట ఉన్న బండికి, దక్కను పొడి నేల మీద నిలిచిన బండికి ఈ విషయంలో చాలా తేడా ఉంటుంది. మీటరు తక్కువ చూపిందని మురియరాదు. ఏళ్ల తరబడి ఎండలో నిలిచిన బండిలో టైర్లు, రబ్బరు గొట్టాలు, సీళ్లు, బ్రేకు సిలిండర్లు, పెట్రోలు ట్యాంకు అన్నీ మార్పు అడుగుతాయి. ముందు ఇరుసు, ట్రాన్స్‌ఫర్ గేరు పెట్టె తప్పక చూడాలి. నాలుగు చక్రాల లాగుడు లేకపోతే ఈ బండికి గిరాకీ సగమే.

బాగుచేతలో రెండు హద్దులున్నవి. ఆలివ్ ఆకుపచ్చ రంగు రక్షణ శాఖ వాహనాలకే చెల్లు. 121వ నియమం ప్రకారం ఆ రంగు మార్చాలి. పెట్రోలు ఇంజన్ తీసి డీజిల్ వేయాలన్నా, బాడీ మార్చాలన్నా 52వ సెక్షను అడ్డు వస్తుంది. అనుమతి లేని మార్పు ఉన్న బండి కొన్నవాడికి తలనొప్పి, అమ్మినవాడికి తగవు.

ఒక లెక్క

ఇవి బజారు ధరలు కావు, లెక్క కోసం అనుకున్నవి. ఒక జిప్సీ పాట 1,00,000 అనుకుందాం. పన్ను, రుసుములు 20,000. లారీ, క్రేను 12,000. టైర్లు, బ్యాటరీ 40,000. ఇంజన్, గేర్లు 60,000. బ్రేకులు, వైరింగు, బాడీ, రంగు 55,000. రిజిస్ట్రేషను, జీవిత పన్ను, బీమా 30,000. మొత్తం 3,17,000. ఆరు నెలలు సగటున 2,00,000 ఇరుక్కుంటే నూటికి రూపాయిన్నర చొప్పున వడ్డీ 18,000. పడ్డ ధర 3,35,000. బండి 3,60,000కు పోతే మిగిలేది 25,000. పాటలో ఆవేశపడి మరో 25,000 పెంచితే ఆ మిగులంతా పోయినట్లే.

అదే బండికి కాగితం రాలేదనుకోండి. తూకం సుమారు టన్ను. కిలో 30 రూపాయలు వేసినా 30,000 అటూ ఇటూ. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్న సామెత ఇలాంటి సరుకును చూసే పుట్టి ఉంటుంది. కనుక ఖర్చుకు ఒక వరుస పెట్టుకోవాలి: ముందు కాగితం, తర్వాత చాసిస్, ఆ తర్వాత ఇంజన్, చివరకు రంగు. రిజిస్ట్రేషను అవుతుందని తేలక ముందు రంగు డబ్బా తెరవరాదు.

యాభై ఏళ్లు దాటితే

50 ఏళ్లు దాటి, మూల రూపం చెడని బండికి 2021 నియమాల ప్రకారం పాతకాలపు వాహనంగా రిజిస్ట్రేషను ఉన్నది. నంబరులో వి.ఎ. అక్షరాలు వస్తాయి. రుసుము 20,000, గడువు పదేళ్లు. ఐతే రోజువారీ వాడకానికి, కిరాయికి తిప్పడానికి వీలు లేదు. తొలినాటి జోంగాలు ఈ వయసుకు చేరాయి. ఇట్టివి కొనేవారు అభిరుచి గలవారే, వారు కొద్దిమంది. బేరం కుదరడానికి నెలలు పట్టవచ్చు. అప్పు తెచ్చిన సొమ్ముతో దీనిలో దిగడం తగదు.

వచ్చే పాటలో పాల్గొనదలచినవారు లాటు వివరం ప్రతి పట్టుకొని ముందు ఖైరతాబాదు వెళ్లి, బండి వయసు, పన్ను, కావలసిన పత్రాలు అడిగి తెలుసుకోవడం మేలు. ఆ ఒక్క పూట తిరుగుడుకు అయ్యేది ఆటో కిరాయే.