సుఖితులతో మైత్రి

ఆయుర్వేదానికి ప్రయోజనాలు రెండని చరకసంహిత చెబుతున్నది. స్వస్థుని స్వాస్థ్యాన్ని కాపాడడం ఒకటి, రోగి వికారాన్ని శమింపజేయడం రెండవది. ఆధునిక మనోవిజ్ఞానం చిరకాలం ఈ రెండవ దానిపైనే ఎక్కువగా దృష్టి నిలిపింది. మనోవ్యాధులకు చికిత్సలు కనుగొని లోకానికి ఉపకారం చేసింది. మొదటి ప్రయోజనాన్ని కూడా శాస్త్రీయంగా పరిశీలించాలని 1998లో అమెరికా మనోవిజ్ఞాన సంఘ అధ్యక్షులుగా ఉన్న మార్టిన్ సెలిగ్‌మన్ ప్రబోధించారు. మానవుని సద్గుణాలను, సంతోషాన్ని, జీవన సార్థకతను పరిశోధించే ఈ శాఖకు సానుకూల మనోవిజ్ఞానమని పేరు.

దుఃఖాన్ని దాచుకొని ఎల్లవేళలా నవ్వుతూ ఉండమని ఈ శాస్త్రం చెబుతుందని కొందరు భ్రమపడతారు. అది సరికాదు. తీవ్రమైన దిగులుతో బాధపడేవారిని వైద్యుని వద్దకు తీసుకొనిపోవాలే గాని, సంతోషంగా ఉండమని ఉపదేశించి ఊరుకోరాదు.

చిత్తం నిర్మలం కావడానికి పతంజలి మహర్షి సమాధిపాదంలో నాలుగు భావనలు విధించారు. అవి సుఖితుల యెడ మైత్రి, దుఃఖితుల యెడ కరుణ, పుణ్యాత్ముల యెడ ముదిత, పాపుల యెడ ఉపేక్ష. కరుణకంటె ముందు మైత్రిని చెప్పడం గమనింపదగినది. కష్టంలో ఉన్నవారిని చూస్తే మనస్సు దానంతట అదే కరుగుతుంది. సుఖంలో ఉన్నవారిని చూచినప్పుడే అది ముడుచుకొనిపోతుంది. అదే ఈర్ష్య. మైత్రీభావన ఆ మాలిన్యాన్ని తొలగిస్తుందని వాచస్పతిమిశ్రులు వివరించారు.

షెల్లీ గేబుల్ అనే మనోవిజ్ఞానవేత్త, ఆమె సహచరులు 2004లో ప్రకటించిన పరిశోధన ఈ విషయానికి చాలా దగ్గరది. ఒకరు శుభవార్త చెప్పినప్పుడు రెండవవారు ఉత్సాహంతో ఆలకించి, వివరాలడిగి ఆనందించే జంటలలో అన్యోన్యత అధికంగా కనిపించింది. ఉదాసీనంగా విన్నా, లోపాలెన్నినా, మాట మార్చినా అది తక్కువగానే ఉన్నది.

ఇక్కడ నా లోపమొకటి చెప్పక తప్పదు. పాఠశాలలో నాతో కలిసి వ్యాకరణం చదివిన మిత్రునికి, నేను ఆశించిన అధ్యాపక పదవి లభించింది. ఆ సంతోషాన్ని అతడు నాకు ఉత్తరంలో వ్రాశాడు. నేను జవాబు వ్రాయలేదు. ఆ తరువాత ఎన్నో ఏళ్లు ఇదే సూత్రాన్ని వ్యాఖ్యానసహితంగా విద్యార్థులకు బోధించాను. ఉత్తరం మాత్రం పెట్టెలోనే ఉండిపోయింది. జవాబు వ్రాయాలన్న బుద్ధి పుట్టేనాటికి దానిని అందుకొనడానికి అతడు లేడు.

మా కాలంలో ఇతరుల సుఖం ఎప్పుడో ఒక ఉత్తరంలో వచ్చేది. నేడు చేతిలోని ఫోనులో గడియగడియకూ కనబడుతున్నది. అందుచేత మైత్రీభావన ఈ తరానికి మరింత అవసరం. పరీక్షాఫలితం చేతబట్టుకొని బిడ్డ ఇంటికి వస్తే, పక్కింటివారికి ఎన్ని మార్కులు వచ్చాయని అడగకండి. ఎలా చదివావో చెప్పమని దగ్గర కూర్చోబెట్టుకోండి. పక్కింటి బిడ్డకు ఎక్కువ వచ్చాయని తెలిస్తే, ఆ ఇంటికీ వెళ్లి ఆశీర్వదించి రండి. మొదట పెదవులతో పలికిన ఆశీస్సు, అభ్యాసబలం వలన క్రమంగా హృదయానికి చేరుతుంది. జవాబు వ్రాయవలసిన ఉత్తరమేదైనా మీ ఇంట ఉంటే, దానిని ఈ రోజే వ్రాయండి.