బాటిల్ కొనేముందు మూత విప్పండి

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు హైవే మీద సుమారు 40 కిలోమీటర్లు. తెల్లవారుజామున సైకిలెక్కినా, ఎండాకాలంలో శిరివెళ్ల దాటేసరికి వీపు చుర్రుమంటుంది. మే నెలలో 45 డిగ్రీలు దాటడం మనకు కొత్త కాదు. ఆ దారిలో ఒకసారి నాతో వచ్చిన కుర్రాడు, బ్యాంకు కోచింగ్ కోసం నంద్యాలలో గది తీసుకుని ఉంటున్నవాడు, తాగమని తన బాటిల్ ఇచ్చాడు. మూత తీయగానే ముక్కవాసన. "రోజూ కడుగుతానే ఉండాను కదన్నా" అన్నాడు. అబద్ధమేం కాదు, కడుగుతున్నాడు. మూత లోపలి రబ్బరు రింగును గోటితో లేపి చూపించాను. దాని కింద కాటుక గీసినట్టు నల్లటి బూజు.

అప్పటినుంచి ఎవరడిగినా ఒకటే చెబుతున్నాను. షాపులో బాటిల్ రంగు చూడకముందు మూత విప్పండి. రింగు చేత్తో ఊడి వస్తుందా? మళ్లీ సరిగ్గా కూర్చుంటుందా? మూతిలో చెయ్యి పడుతుందా, పోనీ బ్రష్షయినా అడుగుదాకా వెళ్తుందా? స్ట్రా, బటన్, స్ప్రింగ్ ఎన్ని ఉంటే అన్ని సందులు. పొద్దంతా తిరిగి అలసిపోయి ఇల్లు చేరాక మనకెంత ఓపిక మిగులుతుందో మనకే తెలుసు. ఆ ఓపికకు తగ్గ బాటిలే కొనండి. కొనే రోజు ఉత్సాహం చూసుకుని కొన్నవి నెల తిరక్కుండా అటకెక్కుతాయి.

ఈ జాగ్రత్త మన పెద్దలకు ఉండేది. ప్రయాణానికి మరచెంబు, చేలోకి సొరకాయ బుర్ర. ఇత్తడి, రాగి పాత్రలకు కళాయి పూయించుకునేవారు. పులుపు తగిలితే కిలుము పడుతుందని, అది కడుపులోకి పోకూడదని వాళ్లకు తెలుసు. ఇప్పటికీ అదే లెక్క. రాగి బాటిల్లో మంచినీళ్లే పోయండి. మజ్జిగ, నిమ్మరసం వద్దు. అల్యూమినియం బాటిల్ లోపల సన్నటి పూత ఉంటుంది. అది పెచ్చులూడితే మొహమాటపడకుండా పక్కన పెట్టేయండి.

రోజువారీ వాడకానికి నా ఓటు స్టీలుకే. 304 రకం అడగండి. అందులో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి, తుప్పును తట్టుకుంటుంది. 201 రకంలో నికెల్ తగ్గించి మాంగనీసు పెంచుతారు. చవక, కానీ తుప్పును అంతగా ఆపలేదు. అయస్కాంతం పెట్టి మంచి స్టీలని నిరూపించబోయే షాపువాళ్లుంటారు. ఆ పరీక్షతో ఏమీ తేలదు, 201 కూడా అయస్కాంతానికి పెద్దగా అంటుకోదు. దానికన్నా ఐఎస్ఐ గుర్తు వెతకండి. స్టీలు, రాగి, అల్యూమినియం నీళ్ల బాటిళ్లకు ఆ గుర్తు తప్పనిసరి చేస్తూ కేంద్రం 2023లో ఉత్తర్వు ఇచ్చింది. గుర్తు కిందనున్న లైసెన్సు నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే అసలో నకిలీయో అక్కడే తెలుస్తుంది. ఇద్దరు షాపువాళ్లు విసుక్కున్నా పర్వాలేదు. మన డబ్బు, మన ఒళ్లు. అడగడానికి సిగ్గుపడొద్దు.

ప్లాస్టిక్ అయితే అడుగున త్రికోణంలో ఉండే అంకె చూడండి. 1 అంటే పెట్, మనం బస్టాండులో కొనే నీళ్ల బాటిల్. అది ఒకసారి తాగి వదిలేయడానికి చేసింది. కోచింగ్ పిల్లలు దాన్నే నెలల తరబడి నింపుకుంటారు, ఎండలో బండికి తగిలిస్తారు. వేడి పెరిగేకొద్దీ ఆంటిమొనీ లాంటి రసాయనాలు నీళ్లలోకి దిగడం పెరుగుతుంది. 2, 4, 5 అంకెలవి మళ్లీ మళ్లీ వాడుకోవడానికి నయం. 7 అంటే "ఇతరాలు" అని అర్థం. పాలీకార్బొనేట్ అనే ప్లాస్టిక్ అందులోదే, ట్రైటన్ అనేదీ అందులోదే, కాబట్టి అంకె ఒక్కటే చూసి నమ్మొద్దు. పాలీకార్బొనేట్ తయారీలో బీపీఏ అనే రసాయనం వాడతారు. ఐరోపా సమాఖ్య దాన్ని పాలసీసాల్లో 2011లోనే నిషేధించింది, 2024 చివర్లో ఆహారం తగిలే సామగ్రి మొత్తానికి ఆ నిషేధాన్ని విస్తరించింది.

సైకిలు సంగతి వేరు. గుంతలు తప్పించుకుంటూ ఒంటిచేత్తో స్టీలు మూత తిప్పబోతే పడతారు. సైకిలుకు బిగించిన బాటిల్ హోల్డరులో బిగుతుగా కూర్చునే, నొక్కితే నీళ్లు చిమ్మే మెత్తని 4 లేదా 5 అంకె బాటిల్ ఒకటి, బ్యాగులో రెండు పొరల స్టీలు బాటిల్ ఒకటి. రెండూ ఉంచుకోండి. స్టీలుదాన్ని మాత్రం ఫ్రీజర్‌లో పెట్టకండి. నీళ్లు గడ్డకట్టి ఉబ్బితే పొరలు చెడతాయి, ఆపైన చల్లదనం నిలవదు. దాహం వేసేదాకా ఆగకుండా కాసేపటికొకసారి రెండు గుక్కలు తాగండి. మూతి కరుచుకోకుండా మనవాళ్లలాగా ఎత్తి పోసుకోండి, మెత్తని బాటిలైతే దూరం నుంచి చిమ్ముకోండి. నోటి క్రిములు లోపలికి పోవు, పక్కవాడికీ ఇవ్వొచ్చు.

ఈ రాత్రికి ఒక పని చేయండి. మీ బాటిల్ మూత తీసి, రింగును పిన్నీసుతో కాదు, చెంచా కాడతో మెల్లగా లేపండి. రబ్బరు చిరగకూడదు. వంటసోడా కలిపిన వేడినీళ్లలో అరగంట నానేసి, పాత టూత్‌బ్రష్‌తో గాడి చుట్టూ తోమండి. నీళ్లు నల్లబడితే మళ్లీ నానేయండి. బాటిల్, మూత, రింగు మూడూ విడివిడిగా తెల్లారేదాకా బోర్లించండి. ఆ కుర్రాడు ఇప్పుడు తన గది కిటికీ చువ్వకు రింగు తగిలిస్తాడు. మొన్న ఆళ్లగడ్డ చేరాక అతని బాటిలే అడిగి తాగాను.