విద్యాసంధి – ఉన్నత పాఠశాలలో అభిప్రేరణ

తైత్తిరీయోపనిషత్తునందలి శీక్షావల్లి ఆచార్యుని పూర్వరూపముగను, అంతేవాసిని ఉత్తరరూపముగను, విద్యను సంధిగను, ప్రవచనమును సంధానముగను నిరూపించినది. పూర్వోత్తరములలో ఏ ఒక్కటి లోపించినను సంధి లేదు.

ఉన్నత పాఠశాలలో అభిప్రేరణను విద్యార్థికే పరిమితము చేసి చర్చించుట పరిపాటి. పదవ తరగతి మార్కులే విద్యార్థికి లక్ష్యమైనచో, ఉత్తీర్ణతాశాతమే ఉపాధ్యాయునకు లక్ష్యమగును. అపుడు సవర్ణదీర్ఘసంధి సూత్రము కంఠస్థమగును గాని, ప్రతిదినము తాను అడుగిడు 'విద్యాలయ'మను పదమును విడదీసి చూడవలెనను కుతూహలము బాలునకు కలుగదు.

శీక్షావల్లియే ఋతము, సత్యము, తపస్సు, దమము మున్నగువానిలో ఒక్కొక్కదానితోడను స్వాధ్యాయ ప్రవచనములను జతపరచినది. బోధించువాడు అధ్యయనము మానరాదని దీని ఆశయము. నిత్యము నేర్చుకొను గురువును చూచియే శిష్యునకు నేర్వవలెనను కోరిక పుట్టును. కావున ఉపాధ్యాయుని స్వాధ్యాయమునకు వ్యవధి కల్పించుటయే విద్యార్థి అభిప్రేరణకు ప్రథమసోపానము.