పాల వ్యాను ఇంజన్ వేడెక్కితే – కారణం తెలుసుకొనే పద్ధతి
(సభ్య సంఘాలకు అధ్యయన పాఠం)

ఇంజన్ సంగతి మెకానిక్ చూసుకుంటాడు, సంఘానికి ఎందుకని కొందరు పాలకవర్గ సభ్యులు అడుగుతుంటారు. పిదికిన పాలు దాదాపు 37 డిగ్రీల వెచ్చదనంతో క్యానులో పడతాయి. ఆ వేడిలో సూక్ష్మజీవులు అరగంటకు ఒకసారి రెట్టింపు అవుతాయి. పాలు శీతలీకరణ కేంద్రం చేరి 4 డిగ్రీలకు దిగేవరకు ఈ పెరుగుదల ఆగదు. వైశాఖమాసపు ఎండలో వ్యాను రెండు గంటలు రోడ్డు పక్కన నిలిచిపోతే, కేంద్రంలో కాచి చూసినప్పుడు పాలు విరుగుతాయి. నలభై లీటర్ల క్యానులు పది అంటే 400 లీటర్లు. లీటరు 40 రూపాయలు అనుకున్నా 16,000 రూపాయల సరుకు. ఆ నష్టం చివరకు చేరేది ఒక గేదెతో కుటుంబం నడుపుకొనే సభ్యురాలి ఇంటికే.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వజ్రపుకొత్తూరు, మందస, పలాస ప్రాంతాల మీద విరుచుకుపడినప్పుడు కొబ్బరి, జీడిమామిడి చెట్లు కూలి రోడ్లు మూసుకుపోయాయి. అటువంటి విపత్తు మన చేతిలో లేనిది. రేడియేటర్‌లో నీటి మట్టం మాత్రం పూర్తిగా మన చేతిలో ఉన్నదే. కారుకైనా, జీపుకైనా, పాలు తెచ్చే మినీ ట్రక్కుకైనా నీటితో చల్లబడే ఇంజన్ ఉంటే ఈ పాఠం ఒకటే.

1. ఇంజన్ చల్లబడే తీరు

ఇంజన్‌లో కాలిన ఇంధనపు వేడిలో కొంత భాగమే బండిని నడుపుతుంది. మిగిలినదానిలో చాలా భాగాన్ని నీరు, కూలెంటు కలిసిన ద్రవం మోసుకుపోవాలి. వాటర్ పంపు ఈ ద్రవాన్ని తిప్పుతుంది. ద్రవం సుమారు 82 డిగ్రీలకు చేరగానే థర్మోస్టాట్ అనే తలుపు తెరుచుకుని దానిని రేడియేటర్‌లోకి వదులుతుంది. అక్కడ సన్నని గొట్టాల గుండా పోతూ, ఎదురుగాలికి, ఫ్యాను గాలికి చల్లబడి తిరిగి ఇంజన్ చేరుతుంది. రేడియేటర్ మూత ఒత్తిడిని నిలిపి ఉంచడం వల్ల ద్రవం 100 డిగ్రీల వద్ద మరగక, సుమారు 120 వరకు ఓర్చుకుంటుంది.

అంటే లోపం ఈ అయిదింటిలో ఒకచోట ఉండాలి: ద్రవం తగ్గింది, ద్రవం తిరగడం లేదు, గాలి తగలడం లేదు, ఒత్తిడి నిలవడం లేదు, లేదా ఇంజనే మామూలు కంటే ఎక్కువ వేడి పుట్టిస్తున్నది.

2. మొదట చేయవలసినది, చేయకూడనిది

ముల్లు ఎర్రగీత చేరినా, ఆవిరి కనిపించినా బండిని నీడకు తీసి ఇంజన్ ఆపాలి. కనీసం అరగంట ఆగాలి. వేడిగా ఉండగా మూత విప్పరాదు. ఒత్తిడి తగ్గగానే లోపలి నీరు ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి చిమ్ముతుంది. కాలిన ఇంజన్ మీద చన్నీళ్లు కుమ్మరించరాదు. ఇనుము, అల్యూమినియం ఒక్కసారి కుంచించుకుని హెడ్ పగలవచ్చు. ఇంజన్ చల్లారే లోపల ఆ పాలను మరొక వాహనంలోకి మార్చే ఏర్పాటు చేయాలి. పాలు ముందు, మరమ్మతు తరువాత.

3. వేడెక్కినది ఎప్పుడు?

మెకానిక్ వద్దకు పోకముందే ఈ ప్రశ్నకు జవాబు వ్రాసి పెట్టుకుంటే సగం పని పూర్తయినట్లే.

(అ) పలాస-కాశీబుగ్గ బజారులో నెమ్మదిగా పోతున్నప్పుడు, లేదా నిలబడి ఉన్నప్పుడు మాత్రమే వేడెక్కితే గాలి లోపం. ఫ్యాను బెల్టు వదులై ఉండవచ్చు. కరెంటు ఫ్యాను ఉన్న బండ్లలో ఫ్యూజు, రిలే, మోటారు చూడాలి.

(ఆ) టెక్కలి నుండి సోంపేట వైపు 16వ నెంబరు జాతీయ రహదారి మీద వేగంగా పోతున్నప్పుడు వేడెక్కితే గాలికి కొరత లేదు కనుక ద్రవం చాలినంత తిరగడం లేదని అనుమానించాలి. రేడియేటర్ గొట్టాలు పూడి ఉండవచ్చు, పంపు రెక్కలు అరిగి ఉండవచ్చు, మెత్తబడిన కింది హోసు పైపు పీల్పుకు నొక్కుకుపోతుండవచ్చు.

(ఇ) బయలుదేరిన కొద్ది నిమిషాలకే వేడెక్కితే ద్రవం బాగా తగ్గింది, లేదా థర్మోస్టాట్ మూసుకుని ఉండిపోయింది.

(ఈ) నిండు బరువుతోనే వేడెక్కితే బ్రేకులు పట్టేస్తున్నాయా, క్లచ్చి జారుతున్నదా, మోయవలసిన దానికంటే ఎక్కువ క్యానులు ఎక్కిస్తున్నారా అన్నది చూడాలి.

(ఉ) చల్లని ఇంజన్‌కు తాళం తిప్పగానే ముల్లు పైకి పోతే లోపం వైరులోనో, సెన్సారులోనో ఉంది, ఇంజన్‌లో కాదు.

ఉద్దానంలో ఒక సంఘం రికార్డులు తనిఖీ చేసినప్పుడు రెండు నెలలలో మూడు మరమ్మతు వోచర్లు కనిపించాయి. ఒకసారి థర్మోస్టాట్ మార్చారు, ఒకసారి రేడియేటర్ కడిగించారు, మూడవ వోచరులో ఉత్త “ఇంజన్ పని” అని ఉంది. అయినా బండి మళ్లీ నిలిచింది. అదృష్టవశాత్తు డ్రైవరు లాగ్‌బుక్కులో ఆగిన చోటు వ్రాసేవాడు. మూడుసార్లూ బజారు రద్దీలోనే. హైవే మీద ఒక్కసారీ లేదు, నీరూ తగ్గలేదు. ఆ వరుస చూపించి బెల్టు పరీక్ష చేయించగా, అది అద్దంలా నున్నబడి జారుతున్నది. మూడు వోచర్ల మొత్తంలో బెల్టు ఖరీదు ఎన్నవ వంతో పాలకవర్గమే లెక్క వేసుకున్నది.

4. చల్లారిన తరువాత పరీక్ష

మట్టం: రిజర్వు డబ్బాలో గీతలు చూడాలి. నెలకు ఒకటి రెండుసార్లకు మించి నింపవలసి వస్తే ఎక్కడో కారుతున్నట్లే. హోసుల చివర, క్లిప్పుల వద్ద, పంపు కింది చిన్న రంధ్రం వద్ద తెల్లని లేక రంగు చారలు ఉంటాయి.

మూత: రబ్బరు చిట్లినా, స్ప్రింగు మెత్తబడినా మార్చాలి.

బెల్టు: రెండు పుల్లీల మధ్య బొటనవేలితో నొక్కితే సుమారు ఒక సెంటీమీటరు దిగాలి. అంతకంటే ఎక్కువ వదులు పనికిరాదు.

రేడియేటర్ ముఖం: మన తీరంలో ఇసుక, సరుగుడు ఆకు, పురుగులు, జీడి పిక్కల బట్టీల మసి రెక్కల మధ్య పేరుకుంటాయి. ఇంజన్ వైపు నుండి బయటికి, తక్కువ ఒత్తిడితో నీరు కొట్టి కడగాలి.

హోసులు: ఇంజన్ వేడెక్కిన తరువాత పై పైపు కాలుతూ, కింది పైపు చల్లగానే ఉంటే ద్రవం తిరగడం లేదు. పట్టి చూసేటప్పుడు ఇంజన్ ఆపి ఉండాలి. కరెంటు ఫ్యాను ఇంజన్ ఆగినా తిరగవచ్చు, చేతులు దూరం.

నూనె: డిప్‌స్టిక్కు తీస్తే నూనె మజ్జిగలా తెల్లబడి ఉన్నా, రేడియేటర్‌లో బుడగలు ఆగకుండా వస్తున్నా, పొగ గొట్టంలో తెల్లని ఆవిరి తగ్గకపోయినా హెడ్ గాస్కెట్ పోయిందని అనుమానం. అప్పుడు బండిని ఒక్క కిలోమీటరు కూడా నడపక లాగించుకుపోవాలి.

5. రెండు అలవాట్లు మానుకోవాలి

మొదటిది, దారిలో దొరికిన బావి నీరు పోయడం. బోరు నీటిలో కరిగిన ఉప్పులు వేడికి పొలుసుగా పేరుకుంటాయి. నీళ్లు కాచే గిన్నె అడుగున పట్టే తెల్లని పెచ్చు అదే. అది వేడిని బయటికి పోనీయదు. సముద్రం దగ్గరి ఉప్పు నీరు అల్యూమినియంను తినేస్తుంది కూడా. శుద్ధజలంలో, బండి తయారీదారు చెప్పిన కూలెంటును చెప్పిన పాళ్లలో కలిపి ఒక డబ్బా వ్యానులో ఉంచాలి. గత్యంతరం లేక దారిలో మామూలు నీరు పోస్తే, ఇంటికి చేరాక తీసివేయించాలి.

రెండవది, వేడెక్కుతున్నదని థర్మోస్టాట్ పీకివేసి నడపడం. అప్పుడు ఇంజన్ తగిన వేడికి చేరక ఇంధనం ఎక్కువ తాగుతుంది, అరుగుదల పెరుగుతుంది, అసలు రోగం మరుగున పడుతుంది. అనుమానం ఉంటే దానిని నీటి గిన్నెలో వేసి కాచాలి. దానిమీద చెక్కిన వేడికి అటూ ఇటూగా తెరుచుకోకపోతే కొత్తది వేయాలి.

6. సంఘం రికార్డు

లాగ్‌బుక్కులో ఈ గడులు చేర్చవలెను: ఆగిన తేదీ, గంట, ఆగిన చోటు, అప్పటి వేగం, పోసిన నీరు ఎన్ని లీటర్లు, మార్చిన భాగం. ఏ భాగమో వ్రాయని వోచరును కార్యదర్శి చెల్లింపుకు పెట్టరాదు. పాత భాగాన్ని తెచ్చి చూపించమని అడగడం సంఘం హక్కు. వాహనం కిరాయిదైతే, ఆగినందువల్ల విరిగిన పాల నష్టం ఎవరిదన్నది ఒప్పందంలో ముందే వ్రాసుకోవాలి. పాలు విరిగిన తరువాత వ్రాసేది తగవుకే పనికి వస్తుంది.

పాలకవర్గ సమావేశంలో చర్చించవలసిన ప్రశ్నలు

1. మన రూటు బండి గత ఆరు నెలలలో ఎన్నిసార్లు, ఎక్కడెక్కడ ఆగింది?
2. ఉదయం బయలుదేరకముందు నీరు, నూనె, బెల్టు చూసే బాధ్యత ఎవరిది? అతడు సెలవు పెట్టిన రోజు ఎవరిది?
3. బండి ఆగితే పాలు మార్చడానికి గంటలోపల రాగల వాహనం ఏది? దాని యజమాని ఫోను నెంబరు డ్రైవరు వద్ద ఉన్నదా?

మూడవ ప్రశ్నకు జవాబు లేని సంఘాలు వేసవికి ముందే తీర్మానం చేసుకోగలరు.