నీళ్లలో దించే లైటుకు ఏ అద్దం?

తెలుగు మీడియం ఫిజిక్స్ పుస్తకంలో లెన్స్ అంటే కటకం, మిర్రర్ అంటే దర్పణం. ఆదోని బజారులో ఏ షాపుకైనా పోయి "అన్నా, ఒక కటకం కావాల" అని అడిగి చూడండి, ఒడిశాకు బస్సెక్కడని అడుగుతున్నాడేమో అనుకుంటారు. అక్కడ అన్నీ అద్దాలే. ముఖం చూసుకునేదీ అద్దమే, కిటికీదీ అద్దమే, టార్చ్ ముందుండేదీ అద్దమే. నీళ్లలో వాడే లైటు సొంతంగా చేసుకునేవాళ్లకు మొదటి చిక్కు ఈ మాట దగ్గరే. ఎందుకంటే అక్కడ అద్దానికి రెండు పనులున్నాయి: నీళ్లను బయటే ఆపడం, వెలుగును ఒక దారిలో పెట్టడం. రెండింటికీ ఒకే ముక్క పెడితే రెండో పని దాదాపు జరగదు.

మన వైపు సముద్రం లేదు కదా, ఈ లైటు ఎవరికి అంటారేమో. తుంగభద్ర దిగువ కాలువ, అదే మన ఎల్‌ఎల్‌సీ, హోస్పేట డ్యామ్ నుంచి బళ్లారి జిల్లా మీదుగా ఆదోని, ఎమ్మిగనూరు పొలాలకు వస్తుంది. మంత్రాలయం దగ్గర నది ఉంది. గోనెగండ్ల వైపు హంద్రీ మీద గాజులదిన్నె ప్రాజెక్టు ఉంది. పల్లెల్లో పాత మోట బావులు ఇంకా ఉన్నాయి. ఎవరైనా మునిగితే గజ ఈతగాళ్లను పిలుస్తారు. బావిలో ఫుట్ వాల్వ్ పట్టేసినా ఈత బాగా వచ్చినవాడే దిగాలి. లోపల వాళ్లకు కళ్లు పనిచేయవు, చేతులతోనే తడుముతారు. మన ప్రాజెక్టు ల్యాబ్‌లో ఒక లైటు చేసిస్తే వాళ్లకు ఉపయోగమే. అది సగంలో పగిలితే మాత్రం ఇవ్వకపోవడమే మేలు.

అద్దం అనగానే అందరూ భయపడేది ఒత్తిడికి. లెక్క వేద్దాం. నీళ్లలో ప్రతి 10 మీటర్లకు సుమారు 0.1 మెగాపాస్కల్ పెరుగుతుంది. 50 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న బిళ్ల మీద 10 మీటర్ల లోతులో పడే బరువు దాదాపు 20 కిలోలు. 30 మీటర్లలో 60 కిలోలు, అంటే ఒక సిమెంటు బస్తా కంటే కొంచెం ఎక్కువ. అంచుల మీద ఊరికే ఆనించిన గుండ్రటి ప్లాస్టిక్ బిళ్లకు కావాల్సిన మందం ఇలా వస్తుంది: పీడనాన్ని, ఆ పదార్థం మీద మనం అనుమతించే ఒత్తిడితో భాగించి, 1.26తో గుణించి, వర్గమూలం తీసి, వ్యాసార్ధంతో గుణించాలి. అక్రిలిక్ 70 మెగాపాస్కల్స్ దాకా తట్టుకుంటుంది గానీ పగుళ్ల భయంతో 10 దగ్గరే ఆపుదాం. 10 మీటర్లకు 2.8 మిల్లీమీటర్లు, 30 మీటర్లకు 4.9 వస్తాయి. మామూలు గాజుకు 7 మెగాపాస్కల్స్ మించి ఇవ్వడం నాకు ఇష్టం లేదు, తడిలో దాని గీతలు మెల్లగా పెరుగుతాయి కాబట్టి. అప్పుడు 30 మీటర్లకు గాజు 5.7 మిల్లీమీటర్లు కావాలి. అంటే "గాజు గట్టిది" అనే మాట ఇక్కడ చెల్లదు!

10 మీటర్ల నీళ్లున్న బావికి 6 మిల్లీమీటర్ల బిళ్ల వేస్తే ఒత్తిడి సంగతి మర్చిపోవచ్చు. మన లైటుకు అసలు శత్రువులు వేరే: బావి రాళ్లు, గట్టు మీది ఎండ, తుడిచే గుడ్డ.

మామూలు గాజుకు గీతలు పడవు, చవక, ఎక్కడైనా కోసిస్తారు. కానీ అంచున చిన్న పెచ్చు లేచినా అక్కడి నుంచే పగులుతుంది. చీకట్లో ఒట్టి చేతులతో పనిచేసే మనిషి పక్కన గాజు పెంకు ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. టఫెన్డ్ గాజు చిన్న ముక్కలుగా రాలుతుంది, కొంత నయం. అయితే టఫెన్ చేశాక కోయలేం, సైజు ముందే చెప్పి చేయించుకోవాలి. మిల్లుల్లో బాయిలర్ దగ్గర వాడే సైట్ గ్లాస్ బోరోసిలికేట్ అయితే వేడికి గట్టిది. దాని వ్యాకోచం మామూలు గాజు వ్యాకోచంలో దాదాపు మూడో వంతే, కాబట్టి ఎండలో కాగిన లైటును చల్లటి నీళ్లలో ముంచినా చిట్లే భయం తక్కువ. బరువు మాత్రం తప్పదు.

అక్రిలిక్ బోర్డులు చేసే షాపుల్లో తునకలుగా దొరుకుతుంది. వెలుగును 92 శాతం పంపుతుంది, ఈ విషయంలో అన్నిటికంటే ముందు అదే. రాయికి గట్టిగా తగిలితే పగులుతుంది. 105 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. స్పిరిట్‌తో తుడిస్తే వెంట్రుకల్లాంటి పగుళ్లు వస్తాయి.

పాలికార్బనేట్ అంటే హెల్మెట్ ముందుండే పలక. సుత్తితో కొట్టినా వంగుతుంది గానీ అంత తొందరగా పగలదు. దాదాపు 147 డిగ్రీల దాకా మెత్తబడదు. వెలుగు 88 శాతం పంపుతుంది. తేడా కంటికి తెలియదు. ఎండలో ఏళ్ల తరబడి ఉంటే పసుపెక్కుతుంది, పెట్రోలు, థిన్నర్, అమోనియా ఉన్న గ్లాస్ క్లీనర్ తగలకూడదు. పెద్ద లోపం, గోరు తగిలినా గీత పడుతుంది. అయితే నీళ్లలోకి దిగాక ఆ గీతల్లోకి నీళ్లు చేరతాయి. గాలికీ పాలికార్బనేట్‌కూ ఉన్నంత తేడా నీటికీ దానికీ లేదు, కాబట్టి గట్టు మీద మసకగా కనిపించిన బిళ్ల లోపల చాలావరకు తేటపడుతుంది. బావికి నా ఓటు 6 మిల్లీమీటర్ల పాలికార్బనేట్‌కే. రాళ్లు లేని చోటికైతే అక్రిలిక్ చాలు.

ఇక రెండో పని. టార్చ్‌కు ఉబ్బెత్తు లెన్స్ పెట్టి దాన్నే నీళ్లకు తగిలేలా బిగిస్తే ఏమవుతుంది? లెన్స్ బలం దాని వక్రీభవన గుణకానికీ చుట్టూ ఉన్నదాని గుణకానికీ మధ్య తేడాలో ఉంటుంది. అక్రిలిక్ 1.49, గాలి 1, నీరు 1.33. తేడా 0.49 నుంచి 0.16కు పడిపోతుంది. నీళ్లను తాకే ముఖం బలం మూడో వంతే మిగులుతుంది. ఎల్‌ఈడీతో అమ్మే గరాటు ఆకారపు లెన్స్ సంగతి ఇంకా అన్యాయం. అది పక్క గోడల నుంచి సంపూర్ణాంతర పరావర్తనం మీద బతుకుతుంది. గాలిలో దాని సందిగ్ధ కోణం 42 డిగ్రీలు, నీళ్లు తగిలితే 63. చాలా వెలుగు గోడల్లోంచే కారిపోతుంది. అందుకే బయట బల్లపరుపు బిళ్ల, లోపల గాలిలో లెన్స్. ఈ ఏర్పాటులో నీళ్లలోకి పోయేటప్పుడు వెలుగు ఇంకొంచెం దగ్గరపడుతుంది కూడా: గాలిలో 60 డిగ్రీల వెడల్పు ఉన్నది నీళ్లలో 44 అవుతుంది.

అది మనకు కలిసొచ్చేదే. ఎల్‌ఎల్‌సీలో నీళ్లు ఎప్పుడూ కాస్త మట్టిగానే ఉంటాయి. వెడల్పు వెలుగు ఆ మట్టి మీద పడి మన కళ్లలోకే తిరిగొస్తుంది, మంచులో బస్సు హెడ్‌లైట్ హై బీమ్ వేసినట్టు. సన్నటి వెలుగును ముఖానికి దూరంగా, చెయ్యి చాచి పక్క నుంచి కొట్టాలి. కొత్త నీళ్లు వచ్చిన రోజుల్లో ఎర్ర నీళ్లలో ఏ లైటూ పనిచేయదు, అప్పుడు చేతులే దిక్కు.

బిగించేటప్పుడు బిళ్ల కింద ఓ-రింగ్, దానికి పల్చగా సిలికాన్ గ్రీజు. నీళ్లే బిళ్లను లోపలికి నొక్కుతాయి కాబట్టి పై రింగును ప్రాణం పెట్టి తిప్పక్కర్లేదు, ఎక్కువ బిగిస్తే అంచు పగుళ్లు. గట్టు మీద లైటు వెలిగించి పెట్టొద్దు, 10 వాట్ల ఎల్‌ఈడీని చల్లబరిచేది చుట్టూ ఉన్న నీళ్లే. తుడవడానికి సబ్బు నీళ్లు, మెత్తటి గుడ్డ.

బ్యాటరీ పెట్టకముందే పరీక్ష చేయాలి. ఖాళీ గొట్టంలో మడిచిన పేపర్ ముక్క, ఇసుక సంచి వేసి మూసి, రాయి కట్టి, తాడుతో బావి అడుగుకు దించి గంట ఉంచండి. పేపర్ పొడిగా వస్తే మళ్లీ రెండుసార్లు చేయండి. తడిస్తే ఓ-రింగ్ గాడిలో ఇసుక రేణువు ఉందేమో ముందు చూడండి. లిథియం సెల్ ఉన్న గొట్టంలోకి నీళ్లు పోతే లోపల గ్యాస్ పుడుతుంది, అలాంటిదాన్ని ముఖానికి ఎదురుగా పెట్టి మూత తీయకూడదు. మూడుసార్లూ పొడిగా వస్తే లైటు వేసి అదే తాడుతో దించి చూడండి. ఫుట్ వాల్వ్ పైనుంచే కనబడితే ఆ రోజుకు మనిషి దిగే పనే ఉండకపోవచ్చు.