ఆకు చేసే అద్భుతము

పిల్లలారా! ఆవడిలోని పరుత్తిపట్టు చెరువును మీలో చాలామంది చూచే ఉంటారు. ఒకప్పుడు మురుగునీరు చేరి పాడైన ఆ చెరువును బాగుచేసి, 2019లో అక్కడ ఉద్యానవనమును తెరిచారు. చెరువు బాగుపడితే చేపలకు, పక్షులకు మేలు. నీటిలో పెరిగే మొక్కలకు కూడ మేలు. ఆ మొక్కలు సద్దు చేయకుండ ఒక గొప్ప పని చేస్తుంటాయి. ఆ పని ఏమిటో తెలుసుకొందాము.

హైడ్రిల్లా అనునది చెరువులలో పెరిగే మొక్క. దాని కొమ్మలను నీళ్ళు పోసిన గాజు బీకరులో ఉంచి, వాటిపై గరాటును బోర్లించండి. గరాటు కాడపై నీటితో నింపిన పరీక్షనాళికను తలక్రిందులుగ నిలిపి, ఎండలో పెట్టండి. కొంతసేపటికి బుడగలు పైకి లేస్తాయి. నాళికలో చేరిన వాయువులోనికి ఆరిపోబోయే పుల్లను తెస్తే, అది భగ్గున మండుతుంది. ఆ వాయువే ఆక్సిజన్, అనగా ప్రాణవాయువు. బీకరును చీకటిలో పెడితే బుడగలు ఆగిపోతాయి. పచ్చని మొక్క వెలుతురులోనే ఈ వాయువును విడుస్తుందని హాలెండు దేశపు వైద్యుడు ఇంగెన్‌హౌజ్ 1779లో తన గ్రంథములో తెలిపాడు.

మరి, ఈ ఆక్సిజన్ ఎక్కడిది? మొక్క గ్రహించే కార్బన్ డై ఆక్సైడులోనూ ఆక్సిజన్ ఉన్నది; నీటిలోనూ ఉన్నది. కార్బన్ డై ఆక్సైడు నుండే వస్తుందని చాలాకాలము పలువురు తలచారు. 1941లో అమెరికాలో రూబెన్, కామెన్ మొదలగువారు ఈ సందేహమును పరీక్షించారు. మామూలు ఆక్సిజన్ కంటె బరువైన ఆక్సిజన్ పరమాణువులు గల నీటిని క్లోరెల్లా అను సూక్ష్మమైన నాచుకు ఇచ్చారు. బయటికి వచ్చిన వాయువులో ఆ బరువైన ఆక్సిజనే కనబడింది. కనుక మనము పీల్చే ప్రాణవాయువు నీటి నుండి వచ్చినదే.

నీటిని విడగొట్టుట సులభము కాదు. వేడితో విడగొట్టాలంటే రెండు వేల డిగ్రీలకు పైబడిన వేడి కావాలి. ప్రయోగశాలలో విద్యుత్తును ప్రవహింపజేసి విడగొడతారు. ఆకు మాత్రము మామూలు ఎండలోనే ఈ పని చేస్తుంది. అది ఎట్లు?

ఆకులోని పత్రహరితము వెలుతురును గ్రహించి ఒక ఎలక్ట్రానును కోల్పోతుంది. ఆ లోటును నీటి నుండి వచ్చిన ఎలక్ట్రానుతో పూడ్చుకొంటుంది. నాలుగు మాంగనీసు పరమాణువులు, ఒక కాల్షియము పరమాణువు గల చిన్న కూటమి నీటి నుండి ఎలక్ట్రానులను తీస్తుంది. ఇట్లు నాలుగు మార్లు జరిగిన పిమ్మట, రెండు నీటి అణువుల నుండి ఒక ఆక్సిజన్ అణువు వెలువడుతుంది. ఈ నాలుగు మెట్ల లెక్కను 1970లో కోక్ అను శాస్త్రజ్ఞుడు, అతని సహచరులు వివరించారు. ఆ కూటమి అమరికను 2011లో జపాను శాస్త్రజ్ఞులు స్పష్టముగ చూపారు.

నీటిలోని హైడ్రోజన్ వాయువుగ ఎగిరిపోదు. కార్బన్ డై ఆక్సైడును పిండిపదార్థముగ మార్చుటకు మొక్క దానిని వాడుకొంటుంది. మన ఊపిరీ, మన కంచములోని అన్నమూ ఈ ఒక్క పని నుండే వచ్చాయి. తెలుగువారిలోను ఈ కిరణజన్య సంయోగక్రియపై జీవితకాలము పరిశోధించినవారు ఉన్నారు. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయములో వి.ఎస్. రామదాసు, హైదరాబాదు విశ్వవిద్యాలయములో ఆగేపాటి రాఘవేంద్ర అట్టివారు.

గుర్రపుడెక్క చెరువును కప్పివేస్తే వెలుతురు అడుగుకు చేరదు. అప్పుడు లోపలి మొక్కలు నీటిని విడగొట్టలేవు. నీటిలో ఆక్సిజన్ తగ్గి చేపలు చనిపోతాయి. మురుగునీరు చేరిన చోట గుర్రపుడెక్క మరింత దట్టముగ పెరుగుతుంది. కనుక చెరువులోనికి మురుగు, చెత్త చేరకుండ చూచుట మన ఊపిరిని మనము కాపాడుకొనుటే.

ప్రశ్నలు

1. బీకరును చీకటిలో పెడితే బుడగలు ఏల ఆగిపోతాయి?
2. ఆక్సిజన్ నీటి నుండే వస్తుందని ఎట్లు తెలిసినది?
3. మీ ఊరి చెరువును చూచి వచ్చి, దాని స్థితిని గూర్చి పది వాక్యములు వ్రాయండి.